ఎండాకాలం సెలవులు: పిల్లలకు టైంటేబుల్ వద్దు, ఇంటి పనిలో జాగ ఇవ్వండి

మీరు అడిగింది ఇదీ: హనుమకొండలో ఉంటారు, పాపకు ఎనిమిదేళ్ళు, మూడో తరగతి అయిపోయింది, బాబుకు ఐదు, యూకేజీ అయిపోయి ఒకటిలోకి పోతాడు. మీరూ మీ ఆయనా ఇద్దరూ డ్యూటీలకు పోతారు, పగలంతా పిల్లలు మీ అత్తమ్మ దగ్గరే. సెలవులిచ్చి వారం కాకముందే ఫోన్ కోసం కొట్లాట మొదలైంది, బడి వాళ్ళు ఇచ్చిన వర్క్‌షీట్ల కట్ట సంచిలోంచి బయటికి రాలేదు, పక్కింటి వాళ్ళు సమ్మర్ క్యాంపులో వేశారు కాబట్టి మనమూ వేయాలా, లేకపోతే జూన్ నాటికి చదివిందంతా మర్చిపోతారా అని టెన్షన్.

నేను సర్కారు బడిలో ఒకటి నుంచి ఐదు తరగతులకే చెప్పి రిటైరైన దాన్ని. సెలవుల తర్వాత జూన్ 12న బడి తెరిచాక పిల్లలు ఏం మర్చిపోయి వస్తారో, ఏం కొత్తగా నేర్చుకుని వస్తారో ఏటా ఎదురుగా చూశాను కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. మర్చిపోయేవి ఎప్పుడూ అవే: తెలుగులో ఒత్తులు, ఇంగ్లిష్‌లో స్పెల్లింగులు, ఎక్కాలు, అప్పు తెచ్చుకునే తీసివేతలు. అంటే చేతికి అలవాటు మీద నిలిచేవన్నీ జారిపోతాయి. అర్థమై నేర్చుకున్నది అంత తేలిగ్గా పోదు, పోయినా పది పదిహేను రోజుల్లో తిరిగి వస్తుంది. కాబట్టి మొత్తం పోతుందన్న భయం పక్కన పెట్టండి. రోజూ కొంచెం చదువు, కొంచెం లెక్క ఉంటే చాలు, అది కూడా పుస్తకం తీసి కూర్చోబెట్టి కాదు.

ఇంకొకటి కూడా చూశాను. సెలవుల్లో క్లాసులకు పోయి వచ్చిన పిల్లలకూ, ఊళ్ళో అమ్మమ్మ దగ్గర పెద్దవాళ్ళ వెంట తిరిగి వచ్చిన పిల్లలకూ మాటలో తేడా ఉంటుంది. రెండో రకం పిల్లలు ఒక సంగతి మొదలుపెడితే చివరిదాకా చెప్తారు, 'ఎందుకు' అని అడుగుతారు, కొలతలూ ధరలూ వాళ్ళ నోట్లో ఉంటాయి. అందుకే నా సలహా ఒక్కటే: పిల్లలను ఎంగేజ్ చేయాలి అనే ఆలోచనే మానేయండి. ఇంట్లో ఎట్లాగూ నడిచే పనుల్లో వాళ్ళకు నిజమైన వాటా ఇవ్వండి. దొంగ వాటా కాదు, వాళ్ళు చేయకపోతే ఆ పని ఆగిపోయేంత వాటా.

ఇప్పుడు తొక్కు పెట్టే రోజులే కదా, దాంతోనే చెప్తాను. మీ అత్తమ్మ మామిడికాయ తొక్కు పెట్టేటప్పుడు పిల్లలను 'దూరం పోండి, ఆగం చేస్తారు' అనకుండా పక్కన కూర్చోబెట్టుకోమనండి. కాయలు ముందురోజు రాత్రి నీళ్ళలో వేయడం, పొద్దున తీసి పొడిబట్టతో తుడిచి చద్దర్ మీద ఆరబెట్టడం చిన్నోడి పని. తడి ఒక్క చుక్క ఉన్నా బూజు పడుతుందని వాడికి చెప్పండి, తను సరిగ్గా తుడవకపోతే ఏడాది తొక్కు పాడవుతుందని తెలిస్తే వాడు తుడిచే తీరే మారిపోతుంది. ముక్కలు మార్కెట్లో కొట్టించుకొస్తారు కదా, జీడి తీసేయడం, టెంక లోపలి పల్చటి పొర బట్టతో గీకి తుడవడం పాప పని. ఎల్లిగడ్డ ఒలవడం ఇద్దరి పని, చిన్నోడి వేళ్ళకు దానంత మంచి కసరత్తు లేదు. ఒకటో తరగతిలో పెన్సిల్ పట్టుకుని అలసిపోకుండా రాయాలంటే వేళ్ళకు ముందు బలం రావాలి, అది కాపీ రైటింగ్ పుస్తకాలతో రాదు, ఒలవడం, పిసకడం, చింపడం, ముడి వేయడం, పల్లికాయలు కొట్టడం, వీటితో వస్తుంది. కారం దగ్గరికి మాత్రం ఇద్దరినీ రానీయకండి, ఆ చేతులతో కళ్ళు నలుపుకుంటే ఆ రోజు ఇంట్లో ఇంకే పనీ సాగదు.

అసలు చదువు కొలతల దగ్గర ఉంది. మీ ఇంట్లో ఇన్ని గిన్నెల ముక్కలకు ఒక గిన్నె కారం, ఇంత ఉప్పు, ఇంత ఆవపిండి అని అత్తమ్మకు ఒక లెక్క ఉంటుంది. ఆమె నోటితో చెప్తుంటే పాప ఒక కాగితం మీద రాయాలి. పన్నెండు గిన్నెల ముక్కలైతే కారం ఎంత? అరగిన్నె తక్కువ పడితే? మూడో తరగతి పిల్లకు గుణకారం, భాగహారం ఎందుకు నేర్పారో అక్కడ తెలుస్తుంది. తొక్కు జాడీలోకి పోయాక మూడో రోజు మూత తీసి మళ్ళీ కలుపుతారు కదా, అప్పుడు పిల్లలను పిలిచి చూపించండి. మొదటి రోజు పొడిపొడిగా ఉన్న ముక్కల కింద ఊట ఊరి ఉంటుంది. ఈ నీళ్ళు ఎక్కడివి, మనం ఒక్క చుక్క పోయలేదు కదా అని అడిగి ఊరుకోండి, జవాబు వెంటనే చెప్పకండి. రెండు మూడు వింత జవాబులు వచ్చాక, ముక్కలో ఉన్న నీళ్ళను ఉప్పు బయటికి లాగిందని చెప్పి, ఒక దోసకాయ ముక్క మీద ఉప్పు చల్లి పది నిమిషాలు ఆగి చూడమనండి. చివరికి జాడీ మీద అంటించే చీటీ పాపే రాయాలి, ఏ రోజు పెట్టారు, ఎన్ని కాయలు, ఎవరెవరు పెట్టారు అని. అక్షర దోషాలుంటే ఉండనీయండి. వర్క్‌షీట్‌లో రాసింది టీచర్ తప్ప ఎవరూ చదవరు, జాడీ మీద రాసింది ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ చదువుతాడు, ఆ తేడా ఎనిమిదేళ్ళ పిల్లకు బాగా తెలుసు.

వడియాలదీ ఇదే కథ. చిన్నోడు వరుసకు పది చొప్పున పెట్టాలి, పది వరుసలైతే నూరు, కాకి ఎత్తుకుపోయినవి తీసేస్తే ఎన్ని మిగిలాయి. పెట్టినప్పుడు ఒక వడియాన్ని స్కేలుతో కొలిచి, ఎండాక మళ్ళీ కొలిస్తే ఎంత ముడుచుకుందో తెలుస్తుంది. బజ్జీకి వంకాయలు లెక్కపెట్టడం, ఉతికిన బట్టలు ఎవరివి వాళ్ళకు సర్దడం, కూరగాయల బండి దగ్గర వంద నోటిచ్చి చిల్లర ఎంత రావాలో ముందే చెప్పమనడం, ఇవన్నీ నేను విడిగా వివరించక్కర్లేదు, మీకు తెలిసినవే.

మధ్యాహ్నం సంగతికి వద్దాం, మీ అసలు కష్టం అక్కడే ఉంది. మన దగ్గర మేలో 43, 44 డిగ్రీలు మామూలే, పదకొండు దాటాక నాలుగైంది అనేదాకా పిల్లలను బయటికి పంపలేం, కూలర్ ముందు ముగ్గురూ ఒకే గదిలో. ఫోన్ ఇంట్లోకి చొరబడేది ఆ ఐదు గంటల్లోనే. అక్కడ చదువు చెప్పబోతే కుదరదు, ఆటలు కావాలి. నేల మీద ఆడే పాత ఆటలన్నీ ఈ మధ్యాహ్నాల కోసమే పుట్టాయా అనిపిస్తుంది నాకు.

అష్టాచెమ్మతో మొదలుపెట్టండి. బండల మీద సుద్దముక్కతో ఐదు వరుసలు, ఐదు గళ్ళు గీస్తే 25 గళ్ళు, నాలుగు వైపులా మధ్య గడిలోనూ నట్టనడుమ గడిలోనూ అడ్డగీతలు. నాలుగు చింతగింజలు తీసుకుని ఒక పక్క తెల్లగా అయ్యేదాకా గరుకు బండకు అరగదీయాలి, ఆ అరగదీయడంలోనే ఒక మధ్యాహ్నం గడిచిపోతుంది, పిల్లలతోనే చేయించండి. వేసినప్పుడు ఎన్ని తెల్లగా పడితే అన్ని గళ్ళు, నాలుగూ తెల్లగా పడితే చెమ్మ, అంటే నాలుగు, నాలుగూ నల్లగా పడితే అష్ట, అంటే ఎనిమిది. బయటి చుట్టు పదహారు గళ్ళు, లోపలి చుట్టు ఎనిమిది, నడుమ ఒకటి. ఎదుటివాళ్ళ కాయ ఒక్కటైనా చంపితేనే లోపలి చుట్టులోకి పోనిచ్చే రూలు చాలా ఇళ్ళల్లో ఉంటుంది, మీ అత్తమ్మ ఎట్లా ఆడేవారో అట్లే ఆడండి, రూల్స్ విషయంలో ఆమె మాటే ఫైనల్.

ఐదేళ్ళోడికి ఇది లెక్కపెట్టడం. ఎనిమిదేళ్ళ పాపకు ఇంకా పెద్ద చదువు ఇందులో ఉంది. ఒక కాగితం మీద ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఎనిమిది అని రాసి, పడినప్పుడల్లా దాని ఎదురుగా ఒక గీత పెట్టమనండి. ఒక వందసార్లు అయ్యాక చూస్తే రెండు దగ్గర గీతలు గుంపుగా ఉంటాయి, చెమ్మ, అష్ట దగ్గర పలచగా ఉంటాయి. ఎందుకంటే నాలుగు గింజలు పడే తీరులు మొత్తం పదహారు, అందులో రెండు పడేవి ఆరు, ఒకటి పడేవి నాలుగు, మూడు పడేవి నాలుగు, చెమ్మకు ఒకటి, అష్టకు ఒకటి. పదహారు తీరులూ పాపతోనే గింజలు పేర్చి కనిపెట్టించండి, రెండు రోజులు పట్టినా పర్వాలేదు. మీ కాగితం మీద లెక్క ఇట్లా రాకుండా ఒకవైపు ఒరిగితే ఇంకా మంచిది, గింజలు సమంగా అరగలేదన్న మాట, ఏ గింజ మోసం చేస్తుందో ఒక్కొక్కటీ విడిగా వేసి పట్టుకోవాలి. పెద్ద క్లాసుల్లో సంభావ్యత అని భయపెట్టే పాఠం ఇదే.

ఓడిపోతే చిన్నోడు ఆట చెరిపేసి ఏడుస్తాడు, అందరిళ్ళల్లో జరిగేదే. వాణ్ణి నానమ్మ జట్టులో వేయండి, గింజలు వాడు వేస్తాడు, కాయ ఎక్కడ పెట్టాలో ఇద్దరూ మాట్లాడుకుంటారు. పాపను గెలవకుండా ఆపి వాడిని గెలిపించడం మాత్రం వద్దు, పాపకు అది అన్యాయమని వెంటనే తెలుస్తుంది, మళ్ళీ ఆడదు. ఇదయ్యాక వామనగుంటలు, పులి మేక, గచ్చకాయలు, సాయంత్రం గోటీలు, చిర్రగోనె (గిల్లీదండా). చిర్రగోనె ఆడేటప్పుడు చిన్నపిల్లలను ఎదురుగా నిలబడనీయకండి, కళ్ళకు తగిలే ఆట అది.

మధ్యాహ్నానికే ఇంకో పని. ఒక అట్టపెట్టె పెట్టి అందులో పాత పేపర్లు, కొబ్బరి చిప్పలు, పాత చీర ముక్కలు, దారం, వాటర్ కలర్లు, మైదా ఉడికించిన జిగురు ఉంచండి. చేర్యాల మాస్కులు చూసే ఉంటారు. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది కానీ జిల్లాలు విడదీయక ముందు మన వరంగల్ జిల్లాదే. అక్కడ నకాశీ కళాకారులు కొబ్బరి చిప్ప మీద రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపిన ముద్దతో ముక్కు, చెవులు దిద్ది, రంగులేసి మాస్కులు చేస్తారు. ఇంట్లో అయితే తడిపి నలిపిన పేపరు ముద్దలో మైదా జిగురు కలిపి చిప్ప మీద పెట్టుకోవచ్చు, మన ఎండకు తొందరగానే గట్టిపడుతుంది. ఆ కళాకారులే గీసే పటాలు కూడా పిల్లలకు చూపించండి, ఎర్రటి నేల మీద బొమ్మలు వరుస వెంట వరుస, పొడుగాటి బట్ట విప్పుకుంటూ పోతే ఒక్కో బొమ్మ దగ్గర కథ ముందుకు నడుస్తుంది, కథ చెప్పే కళాకారులు ఊరూరా తిరిగి వాటిని చూపిస్తూ కులపురాణాలు చెప్పేవారు. పాత క్యాలెండర్ కాగితాలు వెనక్కి తిప్పి ఒకదాని కింద ఒకటి అంటించి, ఈ సెలవులదే ఒక పటం గీయమనండి. రోజుకో బొమ్మ అనే రూలు వద్దు, ఏదైనా జరిగిన రోజు గీస్తారు. కరెంటు పోయి అందరూ మిద్దె మీద పండుకున్న రాత్రి, కోతి వచ్చి బియ్యం డబ్బా తిప్పేసిన రోజు, ఇట్లాంటివి. చుట్టాలొచ్చినప్పుడు విప్పి కథ చెప్పాలి. చిన్నోడు రాయలేకపోయినా చెప్పగలడు, చెప్పడం వచ్చినోడికి రాయడం తర్వాత వస్తుంది.

'బోర్ కొడుతోంది' అని వస్తే వెంటనే ఏదో ఒకటి చేతిలో పెట్టకండి. కాసేపు వదిలేయండి, మంచం కింద దూరి, రెండు కుర్చీల మీద చద్దర్ కప్పి, ఏదో ఒకటి వాళ్ళే మొదలుపెడతారు. ఇల్లు చిందరవందర అవుతుంది, సాయంత్రం వాళ్ళతోనే సర్దించండి.

ఫోన్ గురించి మీరు అడిగారు కాబట్టి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్ళలోపు పిల్లల గురించి చెప్పింది: రెండేళ్ళు నిండేదాకా తెర ముందు కూర్చోబెట్టనే వద్దు, ఆ తర్వాత ఐదేళ్ళ దాకా రోజుకు గంట మించొద్దు, ఎంత తగ్గితే అంత మంచిది. మీ చిన్నోడు ఇప్పుడే ఆ గీత దాటాడు, పాప పెద్దది, ఇద్దరికీ కలిపి గంట పెట్టుకుంటే గొడవ ఉండదు. అది ఏ టైమో ముందే చెప్పాలి, ఆ టైముకు ఇవ్వాలి, ఆ టైముకు తీసుకోవాలి. అన్నం తింటే ఫోన్ ఇస్తా, వర్క్‌షీట్ రాస్తే ఫోన్ ఇస్తా అనే బేరం మొదలైందంటే అన్నం, చదువు రెండూ శిక్షలై ఫోన్ బహుమానం అయి కూర్చుంటుంది. ఒకటి కొంచెం గట్టిగానే చెప్తాను, ఏమీ అనుకోవద్దు. మీరు డ్యూటీ నుంచి వచ్చి సోఫాలో ఫోన్ చూస్తుంటే, మీ ఆయన అన్నం తింటూ ఫోన్ చూస్తుంటే, పిల్లలకు మీరు చెప్పే మాట ఏదీ ఎక్కదు. ఈ పేరా మీ ఆయనకు చూపించండి.

చదవడం మాత్రం వదలకూడదు, రోజూ చేయాల్సింది ఇదొక్కటే అనుకోండి. రాత్రి పడుకునే ముందు పదిహేను నిమిషాలు, అమ్మో నాన్నో పక్కన కూర్చుని గట్టిగా చదవాలి, పిల్లలు వినాలి, వేలు అక్షరాల కింద నడవాలి. అదే కథ మళ్ళీ మళ్ళీ అడిగితే విసుక్కోవద్దు, చిన్నోడు మూడో రోజుకు సగం మాటలు ముందే చెప్తాడు, నాలుగో రోజు అక్షరం గుర్తుపడతాడు. పాప ఇంగ్లిష్ మీడియం కాబట్టి తెలుగు కూడబలుక్కుని చదువుతుందని రాశారు. ఒక వాక్యం మీరు, ఒక వాక్యం పాప, ఆగినచోట రెండు క్షణాలు చూసి మాట అందించేయండి, 'చెప్పు, చెప్పు, ఇది ఏ ఒత్తు' అని అక్కడ పరీక్ష పెడితే కథ చచ్చిపోతుంది. పుస్తకాలకు ఖర్చు పెట్టక్కర్లేదు. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా ఉన్నాయి, చదివే స్థాయిని బట్టి విడదీసి పెట్టారు, ప్రింట్ తీసుకోవచ్చు. కొనాలనుకుంటే సికింద్రాబాద్ 'మంచి పుస్తకం' వాళ్ళవి పిల్లలకు అందుబాటు ధరలో ఉంటాయి. హనుమకొండలో 1904లో పెట్టిన రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం ఉంది, సాయంత్రం ఒకసారి తీసుకుపోండి. నిజాం రాజ్యంలో తెలుగు చదువు కోసం పెద్దలు చందాలేసుకుని గ్రంథాలయాలు పెట్టుకున్న కాలం నాటిది అని చెప్తే పాపకు అర్థమయ్యే వయసే.

ఒత్తులు రావాలంటే ఇంకో చిట్కా, బస్టాండ్. ఆదివారం సాయంత్రం హనుమకొండ బస్టాండ్‌లో ఒక అరగంట నిలబడి బస్సుల బోర్డులు చదివించండి. పరకాల, ములుగు, జనగామ చిన్నోడికి. నర్సంపేట, భూపాలపల్లి, హుస్నాబాద్, వర్ధన్నపేట పాపకు. వర్ధన్నపేటలో రెండు ఒత్తులు పక్కపక్కనే ఉంటాయి, అది ఆగకుండా చదివితే తెలుగు వచ్చినట్టే. బస్సు కదిలిపోతుంది కాబట్టి గబగబా చదవాలి, అందుకే పిల్లలకు అది ఆట. ఊరూరికీ బస్సు ఎటు పోతుందో కూడా అడగండి, ఇంటికొచ్చి గోడమీది జిల్లా మ్యాపులో వెతుక్కుంటారు.

మేలో మాత్రమే చేయగలిగింది ఒకటుంది, దీన్ని వదులుకోకండి. మన వరంగల్ దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, కాబట్టి ఏడాదిలో రెండు రోజులు సూర్యుడు మిట్టమధ్యాహ్నం సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు, నిటారుగా నిలబెట్టిన వస్తువుకు ఆ క్షణంలో నీడ కనిపించదు. మొదటిసారి మే 11, 12 తేదీల్లో, మధ్యాహ్నం 12 దాటి ఎనిమిది తొమ్మిది నిమిషాలకు. రెండోసారి జులై చివర, ఆగస్టు మొదట్లో, అప్పుడు మబ్బులుంటాయి కాబట్టి నమ్మకం లేదు. మిద్దె మీద ఒక మీటరు పైపు నిటారుగా కట్టండి, నిటారుగా ఉందో లేదో దారానికి రాయి కట్టి వేలాడదీసి చూసుకోవాలి. వారానికి రెండుసార్లు అదే టైముకు పోయి నీడ చివర సుద్దతో గుర్తు పెట్టి దిగిపోవాలి, ఐదు నిమిషాల పని, టోపీ, చెప్పులు తప్పనిసరి, సూర్యుడి వైపు తల ఎత్తి చూడొద్దని ముందే గట్టిగా చెప్పాలి. సెలవుల మొదట్లో నీడ దాదాపు తొమ్మిది సెంటీమీటర్ల పొడుగున ఉత్తరం వైపు ఉంటుంది. రోజురోజుకూ కుంచించుకుపోయి మే రెండో వారంలో మాయమవుతుంది. ఆ తర్వాత పిల్లలు అనుకోనిది జరుగుతుంది, నీడ దక్షిణం వైపు మొలుస్తుంది, బడి తెరిచే నాటికి మళ్ళీ దాదాపు తొమ్మిది సెంటీమీటర్లు అవుతుంది. సూర్యుడు తూర్పున పుట్టి పడమట కుంకుతాడని మాత్రమే చదివిన పిల్లకు, సూర్యుడు మన ఇంటి మీదుగా దక్షిణం నుంచి ఉత్తరానికి దాటిపోయాడని తన సుద్ద గుర్తులే చెప్తాయి.

ఊరు చూపించడం గురించి ఎక్కువ చెప్పను. పొద్దున ఆరింటికల్లా వేయిస్తంభాల గుడికి పోండి, 1163లో రుద్రదేవుడు కట్టించింది, మూడు గర్భగుళ్ళు ఎవరెవరివో పిల్లలనే అడగండి, శివుడు, విష్ణువు సరే, మూడోది సూర్యుడిదని చాలామంది పెద్దవాళ్ళకే తెలియదు. వరంగల్ కోటలో నాలుగు తోరణాల నడుమ నిలబెట్టి నాలుగు దిక్కులు చెప్పించండి, ఆ తోరణమే మన రాష్ట్ర చిహ్నంలో ఉంది, ఇంట్లో ఏ కాగితం మీద దొరుకుతుందో వెతకమనండి. రామప్ప గుడి 1213 నాటిది, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, గోపురానికి వాడిన ఇటుకలు నీళ్ళలో తేలేంత తేలికని చెప్పి, ఇంటికొచ్చాక బకెట్‌లో ఏది తేలుతుంది, ఏది మునుగుతుంది అని ఒక గంట ఆడించొచ్చు. ఒక్క రోజులో మూడు చోట్లు తిప్పితే ఎండకు అలసి ఏదీ గుర్తుండదు.

అమ్మమ్మ ఊరు ఉంటే పది రోజులు పంపండి, వర్క్‌షీట్లు సంచిలో పెట్టకండి. ముంజలు తిన్నాక మిగిలిన రెండు తాటికాయలను కర్రకు రెండు చివర్ల గుచ్చి, పంగల కర్రతో తోసుకుంటూ బండి నడపడం వాళ్ళ మామ నేర్పిస్తాడు. ఒక్క విషయంలో మాత్రం ఊళ్ళో వాళ్ళందరికీ చెప్పి పంపండి. బావి, చెరువు, కుంట, కెనాల్ దగ్గరికి పెద్ద మనిషి లేకుండా అడుగు పెట్టొద్దు, ఈత వచ్చిన పిల్లలైనా సరే. ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాలువ పైకి నెమ్మదిగా కనిపిస్తుంది, లోపల గుంజుకుపోతుంది, సిమెంటు గట్టు జారుడు, పట్టుకుని ఎక్కడానికి ఏమీ ఉండదు. మన దగ్గర ఏ ఎండాకాలమూ అట్లాంటి వార్త లేకుండా పోదు.

అందుకే క్యాంపు గురించి అడిగితే నా జవాబు ఈత. టౌన్‌లో కోచ్ ఉన్న ఈత కొలనులో పొద్దుటి బ్యాచ్ దొరికితే పాపను వేయండి, ఆ డబ్బు దండగ కాదు. స్టేడియంలో పొద్దున పెట్టే ఆటల శిక్షణ కూడా మంచిదే. అబాకస్, హ్యాండ్‌రైటింగ్, పర్సనాలిటీ డెవలప్‌మెంట్ అని పాంప్లెట్లు వస్తాయి, ఎనిమిదేళ్ళ పిల్లకు పర్సనాలిటీ డెవలప్ చేసేది ఏముంది, ఆ డబ్బు మామిడిపండ్లకు పెట్టండి. బ్రిడ్జ్ కోర్సు పేరుతో మేలోనే క్లాసులకు రమ్మంటే పంపకండి, సెలవుల్లో క్లాసులు పెట్టొద్దని విద్యాశాఖే చెప్తుంది.

ఇక మీ అత్తమ్మ. పైన చెప్పినవన్నీ ఆమె నెత్తిన వేయడానికి కాదు నేను రాసింది. ఆమెకు ఒక కునుకు టైము ఉండాలి, ఆ గంట పిల్లలు సప్పుడు చేయకూడదు, ఫోన్ ఇచ్చే గంట అదే పెట్టుకుంటే ఇద్దరికీ మంచిది. మీరు పొద్దున ఇరవై నిమిషాలు, రాత్రి అరగంట, మీ ఆయన సాయంత్రం ఆట, ఆదివారం బస్టాండ్, మిగతాది ఇల్లే చూసుకుంటుంది. దూపైందని పిల్లలు అడిగేదాకా ఆగకుండా మజ్జిగో నిమ్మకాయ నీళ్ళో తాపుతూ ఉండమనండి, పొద్దంతా మూత్రం పోకపోయినా, పోసింది ముదురు పసుపు రంగులో ఉన్నా నీళ్ళు తక్కువైనట్టే. వాంతులై మగతగా ఉంటే ఓఆర్‌ఎస్ కలుపుకుంటూ కూర్చోకుండా దవాఖానకు తీసుకుపోండి.

వర్క్‌షీట్ల కట్టలోంచి తీసివేతలు, తెలుగు పేజీలు విడదీసి రోజుకు ఒకటి, పొద్దున టిఫిన్ ముందు. రంగులు వేయమన్నవి, గీతలు కలపమన్నవి చిన్నోడు ఇష్టమైతే చేస్తాడు, లేకపోతే ఖాళీగానే ఇచ్చేయండి, ఏ టీచరూ ఏమీ అనదు, నేను చెప్తున్నాను కదా. నాలుగో తరగతి పుస్తకాలు ముందే తెచ్చి మొదలుపెట్టాలా అన్నారు, వద్దు, జూన్‌లో పాపకు పాఠం పాతదైపోతే క్లాసులో మనసు పెట్టదు. జూన్ 1 నుంచి మాత్రం పడుకునే టైము రోజూ పది నిమిషాలు ముందుకు జరపండి, సెలవుల్లో పదకొండింటికి పడుకున్న పిల్లలను 12న పొద్దున ఆరింటికి ఒక్కసారిగా లేపలేరు. బూట్లు అప్పుడే తొడిగి చూడండి, ఈ వయసులో ఒక ఎండాకాలానికే పాదం పెరిగిపోతుంది, చివరి రోజు సాయంత్రం చౌరస్తా షాపుల్లో సైజు దొరకదు.